రెండో వైరు

అక్టోబర్ 14, సోమవారం

నీరజ్ అన్న లేడు. శనివారం పోయాడు. ఇంకేం రాయను.

అక్టోబర్ 15

రాయకపోతే ఎవడినో ఒకణ్ణి కొట్టేలా ఉన్నాను. అందుకని రాస్తున్నాను.

అన్న ఇంటినిండా జనం. అమెరికాలో ఈ కాపెల్ ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లకు అన్న తెలుసని నాకు తెలియదు. సగం మంది అన్న గరాజ్‌లో కాచిన బీరు తాగినవాళ్లే. హాల్లో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఒకాయన ఫోన్‌లో ఇండియాకి, "హార్ట్ ఎటాక్ అండీ, దసరా పూజ చేస్తూ చేస్తూనే," అని చెబుతున్నాడు. పూజ దగ్గర పోయాడంటే గౌరవం. బీరు కాచే గంగాళమంత కెటిల్ దగ్గర కరెంటు కొట్టి పోయాడంటే పరువు తక్కువ. పరువు కోసం ముప్పై రెండేళ్ల మనిషికి గుండెజబ్బు అంటగట్టారు.

ఇక్కడివాళ్లకు ఇంకో కథ. దాన్ని మొదలుపెట్టింది విశ్వనాథం అంకుల్. అందరికంటే ముందు ఈ ఊరొచ్చాడు కాబట్టి ఆయన ఏదంటే అది. "పాత ఇల్లు మైత్రీ. గోడలో వైరింగ్ పాడైపోయి ఉంటుంది. అసలు ఆ బిల్డర్ మీద కేసెయ్యాలి," అన్నాడు. మైత్రి వదిన తలూపింది. కాఫీ తాగమన్నా తలూపింది. తాగలేదు.

గోడ కాదు. కెటిల్‌కి కరెంటు ఇచ్చే ఆ పెట్టెని వైర్ చేసింది అన్న స్నేహితుడు అనీష్. బీటెక్ ట్రిపుల్ఈ. ఎలక్ట్రికల్ ఇంజినీర్ అని చెప్పుకుంటాడు, ఉద్యోగం వచ్చినప్పటి నుంచి చేసేది జావా. వాడు వంటగదిలో కప్పులు కడుగుతున్నాడు. కడిగినవే మళ్లీ కడుగుతున్నాడు. నావైపు చూడలేదు.

అక్టోబర్ 17

దహనం అయింది. ఇక్కడ నిప్పు పెట్టరు, బటన్ నొక్కుతారు. "బటన్ ఎవరు నొక్కుతారు?" అని అక్కడి మనిషి అడిగాడు. అన్నకు పిల్లల్లేరు, తోడబుట్టినవాళ్లు లేరు. వదిన నన్ను చూసింది. నొక్కాను.

బయట పార్కింగ్‌లో అనీష్‌ని ఆపాను.

"ఏం పెట్టావు ఆ పెట్టెలో?"

"ఇప్పుడొద్దు తమ్ముడూ."

"తమ్ముడూ గిమ్ముడూ అనకు. ట్రిపుల్ఈ కదా, చెప్పు."

వాడు కారు తాళం కోసం జేబులన్నీ వెతికాడు. తాళం చేతిలోనే ఉంది. "నాదే తప్పు అనుకో ఈషాన్," అన్నాడు.

అనుకోవడమేంటి.

అక్టోబర్ 19

ఒక్కసారి రాసి వదిలేస్తాను.

దసరాకి కార్లకు పూజ చేస్తాం కదా. అన్న రెండు కార్లూ గరాజ్‌లోంచి బయటికి తీసి, నేలంతా పైపు పెట్టి కడిగి, కెటిల్‌కీ పెట్టెకీ కూడా బొట్లు పెట్టాడు. "ఆయుధ పూజ అంటే ఎవడి ఆయుధం వాడిది. ఈషాన్‌గాడికి గోదాంలో ఫోర్క్‌లిఫ్ట్, నాకు కెటిల్."

"దేవుడు చూస్తున్నాడు, కొంచెం సిగ్గుపడు," అంది వదిన.

"చూడనీ. మూడు వారాలాగితే బీరు పులుస్తుంది, ప్రసాదం కూడా పెడతాను."

వదిన నవ్వు ఆపుకుంటూ చక్రపొంగలి తేవడానికి లోపలికి వెళ్లింది.

బీరు కాచేటప్పుడు అన్న ఎప్పుడూ రబ్బరు బూట్లు వేసుకుంటాడు. ఆ రోజు పూజ. అందరం చెప్పులు విడిచి తడి సిమెంటు మీద నిలబడ్డాం. కొబ్బరికాయ కొట్టాడు. హారతి ఇచ్చాడు. నీళ్లు వేడెక్కడానికి స్విచ్ వేశాడు. కెటిల్ కింది భాగంలో, నీళ్లు కాచే ఎలిమెంట్ దూర్చిన చోట చెమ్మ కారుతోంది. "నట్ లూజైంది రా," అని స్విచ్ ఆపాడు. పెట్టె మీద ఎర్ర లైటు ఆరింది. నేను చూశాను, ఆరింది. ఎలిమెంట్‌ని మూసే వెనక కప్పు విప్పి స్పానర్ పెట్టాడు.

తర్వాత ఏది ముందో ఏది వెనకో తెలియదు. ప్లగ్ పీకాను. ఛాతీ మీద నొక్కాను. అంబులెన్స్ వాళ్లు వచ్చి నా చేతులు పక్కకు తీసేదాకా నొక్కాను. అనీష్ గరాజ్ తలుపు దగ్గర నిలబడి ఎవరికో అడ్రస్ చెబుతున్నాడు, తప్పు చెబుతున్నాడు, మళ్లీ చెబుతున్నాడు.

లైటు ఆరింది కదా. ఆరాక ఎలా కొట్టింది? అది ఒక్కరూ అడగడం లేదు.

అక్టోబర్ 22

డ్యూటీకి వెళ్లాను. సూపర్‌వైజర్ "సారీ ఫర్ యువర్ లాస్" అని, ఆ నోటితోనే లారీలకు సరుకెక్కించే ఏడో డాక్‌కి వెళ్లమన్నాడు.

అన్న నాకు దొరికింది ఈ గోదాంలోనే. స్కానర్లలో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చాడు. సరుకెత్తే నా ఫోర్క్‌లిఫ్ట్ ఇరుక్కుపోతే తెలుగులో తిట్టుకుంటున్నాను. వెనక నుంచి, "ఆ తిట్టు విని ఆరేళ్లైంది బ్రో. ఇంకోసారి అను," అన్నాడు. అన్నాను. సాయంత్రం భోజనానికి ఇంటికి తీసుకెళ్లాడు. ఈ సాఫ్ట్‌వేర్ గుంపులో నన్ను "నువ్వేం చదివావు" అని అడగని మనిషి అతనొక్కడే.

ఏడో డాక్‌లో నిలబడి ఆ తిట్టు అనుకున్నాను. వెనక ఎవరూ లేరు.

అక్టోబర్ 26

వారమంతా వీడియోలు చూశాను. ఇంట్లో బీరు కాచుకునే అమెరికావాళ్లు వాళ్లలో వాళ్లు చెప్పుకునేవి. ఒక గడ్డం ముసలాయన మొదటి మాటే, "ముందు భయపడండి, తర్వాత వైరు ముట్టుకోండి." మనవాళ్లు భయపడరు. ఇండియాలో రెండువందల ముప్పై వోల్టులు తిన్నవాళ్లం, ఇక్కడి నూట ఇరవై గిలిగింత అని అన్న అనేవాడు. నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

మీటర్ కొన్నాను. వదినని తాళం అడిగి, గరాజ్‌లోకి వెళ్లి, డ్యూటీ బూట్లతోనే నిలబడి పెట్టె ప్లగ్‌ని గోడలో పెట్టాను. స్విచ్ ఆపాను. ఎలిమెంట్ రెండు కొసల మధ్యా మీటర్ పెట్టాను. సున్నా. ప్రాణం కుదుటపడింది, అంకుల్ చెప్పిందే నిజం, గోడే అనుకున్నాను. తర్వాత ముసలాయన చెప్పినట్టు మీటర్ వైరు ముల్లు ఒకటి పక్క సాకెట్‌లోని గ్రౌండ్‌కి, అంటే ఎర్త్‌కి, రెండోది ఎలిమెంట్ కొసకి పెట్టాను.

నూట ఇరవై. రెండో కొసకీ నూట ఇరవై. ఎర్ర లైటు ఆరే ఉంది.

ఇంటి దగ్గర గీజర్‌కి ఒక వైరులో కరెంటు వస్తుంది, రెండోది న్యూట్రల్. కరెంటు వైరుని తెంపితే చాలు. ఇక్కడ పెద్ద ప్లగ్‌లో రెండూ కరెంటు వైర్లే. నూట ఇరవై ఇటు, నూట ఇరవై అటు. ఒకదాన్ని ఆపితే లైటు ఆరుతుంది, వేడి ఆగుతుంది. రెండోది ఎలిమెంట్ దాకా వచ్చి అలాగే కూర్చుంటుంది, ఎవరు ముట్టుకుంటారా అని. గోడలో బ్రేకర్ ఉంది, పనిచేస్తోంది. ముప్పై ఆంపియర్ల బ్రేకర్‌కి ఒక మనిషిలోంచి పోయే కరెంటు లెక్కలోకి రాదు.

ప్లగ్ తీసి పెట్టె విప్పి చూశాను. స్విచ్ ఒక్క వైరునే తెంపుతోంది.

పెట్టె లోపల ఇంకేమీ చూడలేదు. మూసేశాను.

అనీష్, నీ సంగతి చూస్తాను.

నవంబర్ 2

నిన్నటి దీపావళి ప్రమిదలు ఇంకా అనీష్ అపార్ట్‌మెంట్ మెట్ల మీదే ఉన్నాయి. వాటిని జరిపి కూర్చున్నాం.

"పెట్టె విప్పావంట కదా. మైత్రి చెప్పింది, తాళం తీసుకెళ్లావని," అన్నాడు.

"ఒక్క వైరు తెంపే స్విచ్ పెడతారా ఎవరైనా? ఏ కాలేజీ రా నీది?"

"నేను పెట్టింది రెండూ తెంపేది. ఆగస్టులో పగిలింది. కొత్తది ఆర్డర్ చేస్తా, అప్పటిదాకా ముట్టుకోకు అన్నా. వాడు ఆగే రకమా. 'పుట్టినప్పటి నుంచి గీజర్‌కి ఒకటే స్విచ్ రా, మనం స్నానాలు చెయ్యలేదా' అన్నాడు. జోక్ చేస్తున్నాడనుకున్నా. షాక్ కొట్టగానే పడిపోయే బ్రేకర్ కూడా పెట్టమని చెప్పా. 'పెట్టిస్తాలే' అన్నాడు. మొత్తం వాడే మార్చేసుకున్నాడని వాడు పోయిన సాయంత్రం మూత తీస్తే తెలిసింది."

"అయితే నేనన్నప్పుడు కాదనొచ్చు కదా."

"కాదంటే, మరెవరు అని అడుగుతావు. మైత్రి ముందు ఎవరని చెప్పను?"

"అబద్ధం," అన్నాను.

"సరే," అన్నాడు. ఒక ప్రమిద తీసి అందులో మిగిలిన నూనె గడ్డిలో పోశాడు. "అబద్ధమే అనుకో."

నవంబర్ 3

అబద్ధమే. తప్పించుకోవడానికి పోయినవాడి మీదకి తోశాడు.

నవంబర్ 4

అబద్ధం.

నవంబర్ 7

అన్న నల్ల టేపు చుడితే చివర కొస మడిచిపెట్టేవాడు, మళ్లీ విప్పేటప్పుడు గోరుతో గీకక్కర్లేకుండా. "టేపుకి తోక పెట్టాలి రా," అనేవాడు. నా కారు హెడ్‌లైట్ వైరుకి అలాగే చుట్టి ఇచ్చాడు.

ఆ పెట్టెలో స్విచ్ దగ్గర టేపుకి తోక ఉంది. ఇరవై ఆరో తేదీనే చూశాను. చూసి, ఇంకేమీ చూడలేదని రాశాను.

నవంబర్ 10, ఆదివారం

విశ్వనాథం అంకుల్ ఫోన్ చేశాడు. "ఒరే ఈషాన్, పదహారున నీరజ్ బర్త్‌డే. మైత్రి నెలాఖరుకి వెళ్లిపోతోంది, తెలుసుగా. వాడి మీదున్న వీసాయే కదా తనది. వెళ్లేలోపు అందరం కలిసి వాడి రెసిపీతో ఒక బ్యాచ్ కాచి, వాడి పేరు పెడదాం. మా గరాజ్‌లో. మీ ఆంటీ కూడా ఒప్పుకుంది. ఇన్నాళ్లూ ఆ కెటిల్‌ని చూస్తే పక్కింటి కుక్కని చూసినట్టు చూసేది, ఇప్పుడు తనే పసుపు రాస్తానంటోంది."

"ఏ కెటిల్ అంకుల్?"

"నా కెటిల్ రా. వేసవిలో వాడు చేసి ఇచ్చింది. నువ్వే కదా మోసుకొచ్చావు."

అవును. నేనే మోసుకొచ్చాను.

"వద్దంకుల్," అన్నాను. "కరెంటు పని కదా, ఇప్పుడెందుకు."

"మా ఇల్లు కొత్తది రా. గోడలో వైరింగ్ భేషుగ్గా ఉంది. ఆ భయమేం పెట్టుకోకు."

వాళ్లే చెప్పిన అబద్ధం. దాన్ని నమ్ముకుని స్విచ్ వెయ్యబోతున్నారు.

అనీష్‌కి ఫోన్ చేశాను. "అంకుల్‌ది చిన్నది కదా, మామూలు ప్లగ్‌దే," అన్నాడు. కాదు, జూన్‌లో పెద్దది చేసిచ్చాడని చెప్పాను. ప్లగ్ ఎలా ఉందో రెండుసార్లు అడిగాడు.

నవంబర్ 13

అనీష్ దారి కనిపెట్టాడు. శనివారం అందరూ పదకొండుకి వస్తారు. మేం తొమ్మిదికే వెళ్లాలి. క్లీన్ చేస్తున్నాం అని చెప్పి పెట్టె విప్పి, రెండు వైర్లూ తెంపే స్విచ్ పెట్టేసి మూసెయ్యాలి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అన్న పేరు రాదు. వదినకి తెలియదు.

"నా మీద వేసుకున్నా కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు.

ఏమీ వద్దు. ఇదే మంచిది.

నవంబర్ 15

ఇదే మంచిది.

నవంబర్ 16, శనివారం

తొమ్మిదికే వెళ్లాం. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఉమామహేశ్వరి ఆంటీ గరాజ్ అంతా కడిగించింది. బల్ల మీద అన్న ఫోటో, దండ. గుమ్మం దగ్గర చెప్పుల వరస, అందులో వదినవి కూడా. వదిన లోపల తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడి కెటిల్‌లో నీళ్లు పోస్తోంది.

"రండ్రా రండి. మనవాళ్లు టైముకి ముందొచ్చారంటే నీరజ్ మహిమే," అన్నాడు అంకుల్. "బూట్లు అక్కడ. ఫోటో ఉంది."

అనీష్ వంగి లేసులు విప్పుతున్నాడు. అన్నీ తెలిసినవాడు. ఫోటో కనిపించగానే చేతులు వాటంతటవే లేసుల మీదికి పోయాయి.

"విప్పకు," అన్నాను.

"ఏంట్రా అది, దీపం పెట్టిన చోట," అంది ఆంటీ.

పెద్ద ప్లగ్ అప్పటికే గోడలో ఉంది. నీళ్లు ఒలికి కెటిల్ పక్కగా కారుతున్నాయి. వదిన గుడ్డ తీసుకుని తుడుస్తూ, ఎలిమెంట్ కప్పు దాకా వచ్చి ఆగింది. "ఇది తుడవచ్చా అంకుల్?"

"ఆఫ్‌లోనే ఉందమ్మా. తుడిచెయ్."

నేను ఏమని అరిచానో గుర్తు లేదు. ఆంటీ తర్వాత చెప్పింది, బూతు అరిచానని. వెళ్లి ప్లగ్ పీకాను.

"పిచ్చి పట్టిందిరా నీకు? వేసవంతా వాడాను, చీమ కుట్టినట్టు కూడా లేదు," అన్నాడు అంకుల్.

"అన్నకి కూడా ఆ రోజు దాకా చీమ కుట్టలేదు అంకుల్. గోడ కాదు. పెట్టె."

అందరినీ గుమ్మం దగ్గరికి జరిపి, మళ్లీ ప్లగ్ పెట్టి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, కప్పు విప్పి, మీటర్ పెట్టి చూపించాను. అంకుల్ కళ్లజోడు పైకెత్తి అంకె చదివాడు. మళ్లీ స్విచ్ వైపు చూశాడు. మళ్లీ అంకె చదివాడు. ఆంటీ మాట్లాడకుండా వెళ్లి చెప్పులేసుకుంది. ప్లగ్ తీసేశాను.

"ఎవరు చేశారిది?" అంది వదిన.

"నేనే మైత్రీ," అన్నాడు అనీష్.

ఇన్నాళ్లూ నేను వాడి నోట చెప్పించాలనుకున్న మాట అదే. చెప్పేశాడు. నేను నోరు మూసుకుంటే అయిపోయేది.

"కాదు వదినా," అన్నాను. "వాడు సరిగ్గానే చేశాడు. అన్న మార్చాడు. అక్కడా అన్నే, ఇక్కడా అన్నే."

"నోర్ముయ్‌రా," అంది ఆంటీ. "ఆ పిల్ల ముందు ఏం మాటలవి."

వదిన ఆంటీని చూడలేదు. నన్నే చూస్తోంది. "ఆ రోజు నేను లోపలున్నాను. ముట్టుకునే ముందు స్విచ్ ఆపాడా?"

"ఆపాడు."

"నా కోసం చెప్పకు ఈషాన్."

"లైటు ఆరింది వదినా. పక్కనే ఉన్నాను. ఆపాకే కప్పు విప్పాడు."

అక్కడున్న బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"రోజూ అరిచేదాన్ని," అంది. "స్విచ్ ఆపకుండా ముట్టుకోకు, స్విచ్ ఆపకుండా ముట్టుకోకు అని. పిల్లలకి చెప్పినట్టు. ఆ రోజు ఆపలేదనుకున్నాను. వచ్చినవాళ్లంతా గోడ గోడ అంటుంటే తలూపుతున్నాను కానీ, మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. ఫోటో చూసినప్పుడల్లా తిడుతున్నాను. ఇంత చిన్న మాట, ఒక్కటంటే ఒక్కటి, వినలేదు కదా అని."

గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

"విన్నాడన్నమాట," అంది.

అనీష్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నేను వెళ్లి వాడి పక్కన నిలబడ్డాను.

బీరు కాచలేదు. పోసిన నీళ్లు మొక్కలకు పోశాం. ఆంటీ అందరికీ ఉప్మా పెట్టింది. వదినని నేనే ఇంటి దగ్గర దింపాను. దిగేముందు అంది, "ఇలాంటివి ఇంకెన్ని చేసిచ్చాడో నాకు తెలియదు. చూసి నేర్చుకున్నవాళ్లు కూడా ఉంటారు. అందరికీ చెప్పు. ఊరికే ఎవరో అని కాదు. తన పేరు పెట్టి చెప్పు."

"పరువు, వదినా..."

"ప్రాణం పోయాక దేనికి పరువు. చెప్పు."

నవంబర్ 17

మన గ్రూపులన్నిటిలో పెట్టాను. నీరజ్ ఎలా పోయాడో, ఏ స్విచ్, ఎందుకు. పొద్దుటి నుంచి తిట్లు వస్తున్నాయి. పోయినవాడి గురించి ఇలా రాస్తావా, నువ్వెవడివి, ఎలక్ట్రీషియన్‌వా. ఒకాయన బీరు తాగడం వల్లే ఈ అనర్థాలని పెద్ద ఉపన్యాసం రాశాడు. ఇంకొకప్పుడైతే ఒక్కొక్కడికీ జవాబు రాసేవాణ్ణి.

నవంబర్ 20

గోదాంలో లంచ్ టైములో కొత్త నంబర్ నుంచి ఫోన్. పేరు అక్షయ్ అన్నాడు. పక్క ఊరు ఫ్రిస్కోలో ఉంటాడట. తనూ సొంతంగా పెట్టె కట్టుకున్నాడట. నా మెసేజ్ చదివి నవ్వొచ్చిందట.

"బ్రో, ఫీలవ్వకు కానీ, మరీ భయపెడుతున్నావు. ఇండియాలో చిన్నప్పుడు ఎన్ని షాకులు తినలేదు మనం? ఇక్కడిది గిలిగింత. అయినా స్విచ్ ఆపే కదా ముట్టుకుంటాం."

నోటిదాకా వచ్చింది తిట్టు. ఆ గొంతులో నవ్వు, ఆ బ్రో అనడం. ఫోన్ చెవి నుంచి కాస్త దూరం పెట్టి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది.

"బ్రో, ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నా. ఇప్పుడు నీకేం పనుంది?"

"ఏం లేదు. చెప్పు."

"అయితే కూర్చో," అన్నాను. "మాకొక అన్న ఉండేవాడు. పేరు నీరజ్."